సూదికొక వాక్యం

పాళెం, ఏర్పేడు దగ్గర
6 ఆగస్టు 2025, బుధవారం

జయరావుకు,

నీ అక్క నాగులమ్మ రాస్తున్నది. వందనాలు చెప్పడం లేదు, నీ బాగోగులు అడగడం లేదు. ఫోనులో నీ నంబరు తీసేశాను. బతికున్నన్నాళ్ళూ నీతో మాట్లాడనని సోమవారం రోడ్డు పక్కన కూర్చున్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. మాట్లాడనన్నానే గాని రాయనని అనలేదు, అందుకని రాస్తున్నాను. ఉత్తరం మునిరామయ్యకు ఇస్తాను. నువ్వు కండక్టరు, ఆయన డ్రైవరు, ఇద్దరిదీ ఒకటే బస్సు. అందలేదని తప్పించుకోలేవు.

జరిగింది నీకు తెలుసు. అయినా నా చేత్తో రాస్తాను, నువ్వు కూర్చుని చదువు. తొమ్మిదేళ్ళు నా మేకలను కాసిన కుక్క దొర. రెండు రోజులుగా వాడి గొంతులో ఎముక ఇరుక్కుంది. మెతుకు మింగలేడు, నీళ్ళు తాగలేడు, దవడ వేలాడేసి చొంగ కారుస్తున్నాడు. పశువుల డాక్టరు ఉండేది శ్రీకాళహస్తిలో. ఆటో అతను కుక్కను ఎక్కించుకోనన్నాడు. నా తమ్ముడి బస్సు ఉంది కదా, నీ ఆటో ఎవరికి కావాలి అని అతని మొహం మీదే అని, దొరను గోనెసంచిలో చుట్టి ఎత్తుకుని తొమ్మిదింటి బస్సెక్కాను.

నువ్వు నాకు టికెట్ కొట్టావు. తర్వాత దొర మొహం చూశావు. చూడగానే విజిల్ వేసి బస్సు ఆపావు. "దిగుక్కా. కుక్కలకు బస్సులో సోటు లేదు" అన్నావు. కిందనే కోళ్ళ గంప ఉంది, ఎవరిదో మేకపిల్ల కూడా ఉంది. వాటికి చోటున్నప్పుడు నా దొరకెందుకు లేదని అడిగాను. గోనెసంచిని నా ఒళ్ళోంచి లాక్కుని నువ్వే రోడ్డు మీద దించావు. నలభై మంది చూస్తుండగా నేను వెనకాలే దిగాను. బస్సు వెళ్ళిపోయింది. పదకొండున్నరకు అక్కడే, కల్వర్టు పక్కన, దొర చచ్చిపోయాడు.

ఎందుకు దించావో నాకు తెలుసు. నీ కూతురు నిస్సీ నిశ్చితార్థంలో వాడు నీ కొత్త ప్యాంటు చించాడు. చుట్టాలందరూ నవ్వారు. "నీ సంగతి సూస్తా ఉండు" అని వాడికి వేలు చూపించావు. ఆరు నెలలు కడుపులో పెట్టుకుని చూశావన్నమాట.

ఇక నేను చూస్తాను. మీ బస్సు ఓనరు గిరిప్రసాద్ దగ్గరికి వెళ్తాను. నీ మెడలోంచి ఆ టికెట్ల తోలు సంచి తీయించిన రోజు నేను కడుపు నిండా తింటాను.

నీకు ఏమీ కాని
నాగులమ్మ


తిరుపతి
7 ఆగస్టు

అక్కకు జయరావు వందనాలు.

నీ ఉత్తరం మునిరామయ్య ఇచ్చాడు. నిన్న సాయంత్రం నేనూ నిస్సీ మీ ఇంటికి వచ్చాం. నువ్వు తలుపు తీయలేదు. లోపల గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది.

కుక్కల సంగతి అడిగావు. మా టికెట్ల జాబితాలో కోడి ఉంది, మేక ఉంది, మంచం కూడా ఉంది గాని కుక్క మాటే లేదు. ఒకసారి గిరిప్రసాద్ సారునే అడిగాను. గొడవ రాకపోతే ఎక్కించు, గొడవొస్తే దించు అన్నాడు. అదీ మా చట్టం. అందులో నేను కల్పించింది ఏమీ లేదు.

అది వదిలెయ్. ఒక్క సంగతి చెప్పు. ఎముక ఉందన్నావు. ఎముక కోసం దాని నోట్లో చెయ్యి పెట్టావా? పెట్టి ఉంటే ఈ ఉత్తరం చదవగానే ఏర్పేడు ఆసుపత్రికి వెళ్ళి కుక్క సూది వేయించుకో. రేపటికి వద్దు, ఈరోజే. దానికి పిచ్చి పట్టింది అక్కా. ఎముక ఇరుక్కున్నట్టు కనబడటమే ఆ జబ్బు లక్షణమని నిస్సీ అంది. నర్సు చదువులో అదే మొదట చెప్పారట. నేనూ ఇన్నేళ్ళలో రెండు చూశాను, మొహం చూడగానే తెలిసింది. ఆ జబ్బు మనిషికి వస్తే ఎవరూ బతకరు. రాకముందు సూదులు పడితే ఏమీ కాదు.

నన్ను ఎంతైనా తిట్టు, సూది వేయించుకుని తిట్టు.

నీ తమ్ముడు
జయరావు


పాళెం
8 ఆగస్టు

జయరావుకు,

చచ్చిన వాడికి మాట రాదు గనక ఏమైనా అనొచ్చు అనుకున్నావు. బస్సులో "సోటు లేదు" అన్నావు. ఓనరు పేరెత్తేసరికి పిచ్చి పట్టిందంటున్నావు. అంత పిచ్చే కనబడితే ఆ మాట బస్సులోనే ఎందుకు అనలేదు? నీ నోట్లో కూడా ఎముక ఇరుక్కుందా?

కాలేజీ క్యాంపస్ మేడం కుక్కపిల్ల సంగతి నాకు తెలియదనుకోకు. మొన్న వేసవిలో ఆవిడ దాన్ని బొంత వేసిన బుట్టలో తెస్తే కిటికీ పక్కన సీటు ఇచ్చావు. దాని పేరేమిటని నవ్వుతూ అడిగావట. మా పక్కింటి గంగులమ్మ ఆ బస్సులోనే ఉంది, నాకు చెప్పింది. బుట్టలో వస్తే కుక్కపిల్ల, గోనెసంచిలో వస్తే పిచ్చికుక్క. మూగజీవాల ఆసుపత్రి పన్నెండు మైళ్ళ అవతల పెట్టారు, బస్సేమో ఎక్కనివ్వరు. జబ్బు చేసిన జీవం నడిచి పోవాలా? ఇది గిరిప్రసాద్‌నీ అడుగుతాను, ఆయన పైన ఎవరైనా ఉంటే వాళ్ళనీ అడుగుతాను.

చెయ్యి పెట్టాను. రెండు రోజులూ పెట్టాను, మోచేతి దాకా పెట్టాను. వేళ్ళ మీద రెండు గీతలు పడ్డాయి. అది వాడు కరిచింది కాదు, ఎముక వెతికేటప్పుడు పంటికి తగిలింది. వాడు నన్ను తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కరవలేదు. నీ మాట మీద ఆరోగ్య కార్యకర్త కూడా వచ్చింది. కుక్కను నేను ముట్టనే లేదని చెప్పి పంపేశాను. ఆ సూది వేయించుకుంటే నా దొర పిచ్చికుక్క అని నేనే సంతకం పెట్టినట్టు. చస్తే చస్తాను గాని ఆ సంతకం పెట్టను.

నాగులమ్మ


తిరుపతి
9 ఆగస్టు

అక్కా,

రెండు గీతలు అని చదివాను. ఈరోజు రెండుసార్లు తప్పు స్టేజీకి టికెట్ కొట్టాను. ఒకాయన నన్ను పట్టుకుని తిట్టాడు, పడ్డాను.

బస్సులో ఎందుకు అనలేదని అడిగావు కదా. చెప్తాను. నీ ముందు సీటులో చంటిపిల్ల తల్లి ఉంది. వెనక పదిమంది మేస్త్రీలు ఉన్నారు, పారలతో, గడ్డపారలతో. పిచ్చి అనే మాట నా నోట్లోంచి వచ్చుంటే ఏమయ్యేదో నీకు తెలియదా? బస్సు ఆగేలోపు దాన్ని నీ ఒళ్ళోనే కొట్టి చంపేవాళ్ళు. నీకూ తగిలేవి. అది నువ్వు చూడకూడదనుకున్నాను. అందుకే గట్టిగా కసిరి దించేశాను. నువ్వు నా మీద కోప్పడతావులే, రెండు రోజులకు తగ్గుతుందిలే అనుకున్నాను. నువ్వు నోట్లో చెయ్యి పెట్టి ఉంటావని ఆ నిమిషం నాకు తట్టలేదు. అదొక్కటే నా తప్పు.

ప్యాంటు సంగతి నేను మరిచిపోయి చాలా రోజులైంది. బావ బతికుండగా నువ్వు నాకు కుట్టించిన చొక్కాలెన్ని, ఒక ప్యాంటుకు పగ పడతానా? నిస్సీ ఏడుస్తోంది. అత్త ఉన్నపళంగా సూదికి వెళ్ళకపోతే నేనే వెళ్ళి ఆ ఇంటి ముందు కూర్చుంటానంటోంది. దానికి డ్యూటీ ఉంది, సెలవు దొరకలేదు.

ఆలస్యమైనా వేయించుకోవచ్చట. పది రోజులైనా వేయించుకోవాల్సిందేనట. దయచేసి వెళ్ళు.

జయరావు


పాళెం
10 ఆగస్టు, ఆదివారం

జయరావుకు,

ఈరోజు గుడికి వెళ్ళాను. నీ కథ నువ్వు పాస్టరు గారి చెవిన కూడా వేశావని ఆయన నోరు తెరవగానే అర్థమైంది. క్షమించడం గురించి గంట చెప్పాడు, చెప్పినంతసేపూ నన్నే చూశాడు. కడపటి పాట కాకముందే లేచి వచ్చేశాను. క్షమించాలంటే ముందు ఎదుటివాడు తప్పు ఒప్పుకోవాలి కదా.

గడ్డపారల మేస్త్రీలు, చంటిపిల్ల తల్లి, కథ బాగా అల్లావు. మూడు రోజులు పట్టింది అల్లడానికి.

సరే, నీకు నా ప్రాణం మీద అంత ప్రేమ ఉంటే ఒక పని చెయ్. ఒక కాగితం మీద నీ చేత్తో రాయి. దొరను దించింది నువ్వే అని రాయి. వాడికి పిచ్చి లేదని రాయి. ప్యాంటు చించిన కోపంతో దించానని రాయి. కింద సంతకం పెట్టు. ఆ కాగితం నా చేతికి వచ్చిన రోజు సూది వేయించుకుంటాను. దాన్ని ఏం చేస్తానో నీకు ముందే చెప్తున్నాను, గిరిప్రసాద్ బల్ల మీద పెడతాను. ఉద్యోగం కావాలా, అక్క కావాలా, తేల్చుకో. నా దొరను రోడ్డు మీద పెట్టినప్పుడు నువ్వు అంతసేపు ఆలోచించలేదు.

నాగులమ్మ


తిరుపతి
11 ఆగస్టు, పొద్దున

అక్కా,

రాస్తాను. కాని నువ్వెలాంటి మనిషివో నాకు తెలుసు. కాగితం మొత్తం చేతికొస్తే ఆ తర్వాత ఆసుపత్రి వైపు కూడా చూడవు. సూదులు నాలుగట. ఈరోజు ఒకటి, మూడో రోజున ఒకటి, ఏడో రోజున ఒకటి, ఇరవై ఎనిమిదో రోజున ఒకటి. నువ్వు అడిగినవి కూడా నాలుగే, మూడు వాక్యాలు, ఒక సంతకం. సూదికొక వాక్యం ఇస్తాను. ఆసుపత్రి చీటీ మునిరామయ్యకు చూపిస్తే ఆయన కాగితం ఇస్తాడు. చూపించకపోతే ఇవ్వడు. ఆయనకు ఒట్టు వేయించాను.

మొదటి వాక్యం ఆయన జేబులో ఉంది.

జయరావు


పాళెం
14 ఆగస్టు

జయరావుకు,

రెండో సూది కూడా అయింది, చీటీ పంపాను. మొదటిదానికే జబ్బ వాచింది. నర్సు ఎప్పుడు కరిచిందని అడిగితే కుక్క కరవలేదు, నా తమ్ముడు కరిచాడని చెప్పాను. ఆ పిల్ల నవ్వింది. ఏర్పేడుకు రానూపోనూ నడిచే వెళ్తున్నాను, నీ బస్సు మాత్రం ఎక్కను.

నీ మొదటి వాక్యం చదివాను. "ఆగస్టు 4న తొమ్మిదింటి బస్సులో నాగులమ్మ కుక్కను నేనే దించాను." దించాను అంటే పల్లకీలోంచి దించినట్టుంది. లాగి పడేశాను అని రాయాలి. అయినా సరే, ఒప్పుకుంటున్నాను. రెండోది బాగుంది. "ఆ కుక్కకు పిచ్చి లేదు." దాన్ని గోడకు అంటించాను, పొద్దున, సాయంత్రం చదువుకుంటాను. ఇంత చిన్న మాట రాయడానికి నీకు పది రోజులు పట్టింది చూడు.

మొన్నటి నుంచి ఒక మేక మందలోంచి విడిగా వెళ్ళి పడుకుంటోంది. దొర లేక వాటికీ దిక్కు తోచడం లేదు.

నాగులమ్మ


తిరుపతి
18 ఆగస్టు

అక్కా,

మూడో చీటీ అందింది. మూడో వాక్యం పంపుతున్నాను. "నా కూతురి నిశ్చితార్థంలో అది నా ప్యాంటు చించిందన్న కోపంతో దించాను." నువ్వు చెప్పినట్టే రాశాను, ఒక్క అక్షరం మార్చలేదు.

ఆ మేకను దొర ఎప్పుడైనా కరిచిందా? గుర్తు చేసుకో. దానికి దూరంగా ఉండు. నోట్లో చెయ్యి మాత్రం పెట్టకు.

నాలుగో సూది సెప్టెంబరు 8న. సంతకం ఆ రోజు.

జయరావు


పాళెం
21 ఆగస్టు

జయరావుకు,

నాకు ఓపిక లేదు. నిన్న మూడు వాక్యాలూ తీసుకుని గిరిప్రసాద్ దగ్గరికి వెళ్ళాను. సంతకం లేదే అన్నాడు. రోజూ నీకు లెక్క రాసిచ్చే వాడి చేతిరాత గుర్తు పట్టలేవా అని అడిగాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. సొంత కోపాలు బస్సులో తీర్చుకునేవాడు నాకొద్దు అన్నాడు. కూర్చోమని కాఫీ తెప్పించాడు. తాగాను. ఇన్నాళ్ళకు ఏదో రుచి తెలిసింది.

నేననుకున్న పని అయిపోయింది. నీ సంతకం నువ్వే ఉంచుకో. నాలుగో సూది ఇక నాకెందుకు?

నాగులమ్మ


తిరుపతి
22 ఆగస్టు

అక్కా,

నువ్వు సంతోషించడానికి ఇంకా టైముంది. గిరిప్రసాద్ సారు నిన్న నన్ను పిలిచాడు. సంతకం లేని కాగితం చెల్లదు, ఎవరైనా రాసి ఉండొచ్చు అన్నాడు. ఎప్పటిలాగే పొమ్మన్నాడు. మధ్యాహ్నం ట్రిప్పు కూడా నాకే వేశాడు. నీకు కాఫీ ఇచ్చి పంపడం ఆయన అలవాటు, ఎవరు ఫిర్యాదు తెచ్చినా ఇస్తాడు.

కాబట్టి నీకు సంతకం కావాలి. నాకు నాలుగో చీటీ కావాలి. ఒప్పందం మార్చకు.

జయరావు


పాళెం
23 ఆగస్టు

జయరావుకు,

చూస్తాను ఎలా చెల్లదో. సెప్టెంబరు 8న చీటీ వస్తుంది. సంతకం వంకరగా పెట్టావంటే ఊరుకోను, పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా పెట్టు. ఆ కాగితం పట్టుకుని నేనే నీ బస్సు ఎక్కి, నలభై మంది ముందు చదివి, నిన్ను దించుతాను.

నాగులమ్మ


తిరుపతి
8 సెప్టెంబరు

అక్కా,

నాలుగో చీటీ మునిరామయ్య ఇప్పుడే చూపించాడు. నిస్సీ చూసి అన్నీ సరిగ్గా పడ్డాయంది. ఇక భయం లేదట. నిస్సీ నాకు మిఠాయి తెచ్చి పెట్టింది.

మాట ప్రకారం సంతకం పెట్టి పంపుతున్నాను. ఇంటి పేరు కూడా రాశాను. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

జయరావు


పాళెం
10 సెప్టెంబరు

జయరావుకు,

నిన్న నీ బస్సు ఎక్కాను. సంతకం కాగితం కొంగులో కట్టుకుని ఎక్కాను. ఎవరో కొత్త మనిషి వచ్చి టికెట్ కొట్టాడు. జయరావు ఏడని అడిగితే ఆ పేరే వినలేదన్నాడు. డ్రైవరు సీటు వెనక్కి వెళ్ళి మునిరామయ్యను అడిగాను. శ్రీకాళహస్తిలో బస్సు ఆపాక చెప్పాడు. ఆగస్టు 21నే నిన్ను తీసేశారట. అప్పటినుంచి ఒక కల్యాణ మంటపంలో కాపలా కాస్తున్నావట. అయినా రోజూ పొద్దున బస్టాండుకు వచ్చి, అక్క చీటీ వచ్చిందా అని అడిగి వెళ్తున్నావట. "ఉద్యోగం పొయ్యిందని తెలిస్తే మీరు నాలుగో సూది మానేస్తారని నా నోరు కట్టేసినాడమ్మా" అన్నాడు.

బస్సులో డ్రైవరు తల పైన కొత్త బోర్డు ఉంది. కుక్కలను ఎక్కించరాదు అని ఎర్ర అక్షరాలతో రాయించారు. నా ఫిర్యాదు తర్వాతే గిరిప్రసాద్ రాయించాడట. నేను అడిగింది వాటికి చోటు ఇవ్వమని. ఇప్పుడు బుట్టలో ఉన్నదానికీ లేదు, గోనెసంచిలో ఉన్నదానికీ లేదు.

నీకు చెప్పని సంగతి నా దగ్గరా ఒకటి ఉంది. ఆ మేక ఆగస్టు 29న చచ్చిపోయింది. జూలైలో దొర పంటితో దాని కాలు పట్టాడు. మందలోకి తోలడానికి పట్టాడనుకున్నాను. మేకకు కూడా దవడ వేలాడింది, చొంగ కారింది, నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి వెనక్కి వచ్చింది. ఎముకలు తినదు కదా మేక. ఆ రోజే నాకు అంతా తెలిసింది. తెలిసి కూడా నీకు రాయలేదు. నువ్వు గెలిచావని రాయడానికి చెయ్యి రాలేదు. నాలుగో సూది నీ సంతకం కోసం వేయించుకోలేదు, భయపడి వేయించుకున్నాను.

నిన్న శ్రీకాళహస్తి నుంచి వెనక్కి వస్తూ గిరిప్రసాద్ ఆఫీసు దగ్గర దిగాను. కాగితం అడిగి అక్కడే కూర్చుని రాశాను. నాగులమ్మ అనే నేను ఆగస్టు 4న పిచ్చి పట్టిన కుక్కను బస్సెక్కించాను, కండక్టరు జయరావు దించకపోతే చంటిపిల్లకో ఇంకొకరికో ప్రాణం మీదికి వచ్చేది, ఆయన రాసిన మూడు వాక్యాల్లో చివరి రెండూ నా ప్రాణం అడ్డం పెట్టి నేను బెదిరించి రాయించిన అబద్ధాలు అని రాసి సంతకం పెట్టాను. గిరిప్రసాద్ చదివాడు. మంచిదే గాని ఆ చోటులో మనిషిని పెట్టుకున్నానన్నాడు. ఈసారి కాఫీ తెప్పించలేదు. కొత్తవాణ్ణి తీసెయ్యమని గొడవ పెట్టుకుందామనుకున్నాను. ఆ పిల్లవాడికి పెళ్ళాం, బిడ్డ ఉన్నారట. ఇంకొకరి కడుపు కొట్టలేను. లేచి వచ్చేశాను.

నీ కాగితాలు నాలుగూ పొయ్యిలో పెట్టాను. గోడకు అంటించినది కూడా పీకి పెట్టాను.

అయినా జయా, నేను నిన్ను క్షమించలేదు. బస్సు దిగాక ఆ కల్వర్టు పక్కన రెండున్నర గంటలు నేనేం చేశానో నీకు రాయలేదు. దొరను పడుకోనివ్వలేదు. ఎముక ఉందనుకుని గొంతులో వేళ్ళు పెట్టి కెలుకుతూనే ఉన్నాను. నీళ్ళు చూసి వాడు తల తిప్పుకుంటుంటే దవడ పట్టుకుని పోశాను. వద్దు వద్దని వాడు మూలిగితే, కొంచెం ఓర్చుకో నాయనా అని ఇంకా పోశాను. చచ్చిపోయేదాకా పోశాను. మేక నీళ్ళకు భయపడటం చూసినప్పుడు నేను వాణ్ణి ఎంత హింస పెట్టానో తెలిసింది. గోనెసంచి దించేటప్పుడు నా చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. ఆ ఒక్క మాటకు నిన్ను క్షమించను. నీ ఉద్యోగం తీయించినందుకు నువ్వూ నన్ను క్షమించనక్కర్లేదు.

అక్క
నాగులమ్మ